కథల రాత్రిలో ఇంటివాళ్ళ సంగతి వాళ్ళని అడక్కుండా చెప్పొచ్చా?

బుడమేరు గట్టు
పోయిన శనివారం విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడ మీద కథల రాత్రి జరిగింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: కాగితం చూడకూడదు, మనిషికి పది నిమిషాలు, తనకి జరిగిందే చెప్పాలి. చాపల మీద అరవై మంది దాకా కూర్చున్నాం.

సింగ్‌నగర్ కుర్రాడొకడు 2024 సెప్టెంబరు వరద గురించి చెప్పాడు. బుడమేరుకి గండ్లు పడ్డాక వాళ్ళ కిరాణా కొట్టులోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. వాళ్ళ నాన్న బియ్యం బస్తాలు వదిలేసి అరువుల పుస్తకం ఒక్కటే నెత్తిన పెట్టుకుని మేడెక్కాడట. అప్పటికే అది నానిపోయింది. ఎండ రాగానే పేజీలు ఒక్కొక్కటే విడదీసి, పిట్టగోడ మీద పరిచి, ఎగిరిపోకుండా ఇటుక ముక్కలు పెట్టాడు. సిరా కారి పేర్లన్నీ నీలం మరకలైపోయాయి. ఎవరెంత ఇవ్వాలో ఆయనకి నోటికొచ్చు. అయినా ఎవర్నీ అడగలేదు. "వాళ్ళ ఇళ్ళూ మునిగాయి కదరా" అన్నాడట. కొట్టు మళ్ళీ నింపడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఆ సంగతి భార్యకి చెప్పలేదు.

మాకందరికీ కళ్ళు చెమర్చాయి. నా పక్కన కూర్చున్నావిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. ఆవిడే వాళ్ళమ్మ. చప్పట్లు కొడుతుంటే నా వైపు తిరిగి, "మూడు రూపాయలన్నాడా అమ్మా?" అని అడిగింది.

నాలుగు రోజులైనా ఆ మాట నా చెవుల్లోనే ఉంది. కథ అద్భుతంగా ఉంది, కాదనను. కానీ ఆ అప్పు సంగతి ఆవిడకి వంటింట్లో తెలియాలి, అరవై మంది మధ్యలో కాదు. ఎదుటివాళ్ళని అడక్కుండా వాళ్ళ విషయం చెప్పకూడదని నేనంటాను. మీరేమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను
అక్కా, అడిగితే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు చెప్పండి? పరువు అనే ఒక్క మాటతో నోరు మూయిస్తారు. వరద తర్వాత ప్రభుత్వం కింది ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులవాళ్ళకి 10 వేలు ఇచ్చింది. తడిసిన అరువుల పుస్తకం ఏ లెక్కలోకి వచ్చింది? ఆ కుర్రాడు చెప్పకపోతే మనకెవరికీ తెలిసేది కాదు.

మా అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికెళ్ళి నన్ను చదివించింది. రాత్రిళ్ళు చేతులు మండిపోతుంటే చల్లటి మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. కాలేజీలో ఎవరైనా అడిగితే మా అమ్మ టైలరింగ్ చేస్తుందని చెప్పేదాన్ని. పోయిన ఏడాది ఇలాంటి కథల రాత్రిలోనే నిజం చెప్పేశాను. ముందే అడిగుంటే అమ్మ వద్దనేది. చెప్పినందుకు ఇవాళ్టికీ నాకు బాధ లేదు.

తెనాలి మాస్టారు
అమ్మాయ్, నువ్వు చెప్పింది నీ అబద్ధం సంగతి. అక్కడ తలొంచుకున్నది నువ్వు, మీ అమ్మగారు కాదు. ఈ కుర్రాడు చెప్పింది తండ్రి దాచుకున్న సంగతి. రెండూ ఒకటి కాదు.

మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన నాజర్ గారి బుర్రకథ విన్న తరం మాది. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలో కథకుడు ఒంటరిగా ఉండడు, ఆ పక్కా ఈ పక్కా వంతలుంటారు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. "అదేంటి, అలా ఎందుకు చేశాడు?" అని మధ్యలో ఆపి అడుగుతారు. మీ కథల రాత్రుల్లో ఆ అడిగేవాడు లేడు. వేదికెక్కే ముందు ఇంట్లో ఒక్కరికైనా వినిపించమనండి. అనుమతి కోసం కాదు, వాళ్ళు ఏ మాట దగ్గర ఉలిక్కిపడతారో తెలుసుకోవడం కోసం.

బ్రాడీపేట నాలుగో లైను
తేడా ఒప్పుకుంటున్నా మాస్టారూ. కానీ ఇంట్లో వినిపించాక వేదికెక్కే ధైర్యం ఎంతమందికి మిగులుతుంది? ముఖ్యంగా ఆడపిల్లలకి? అత్తింటి సంగతులు అత్తగారికే వినిపించి రమ్మంటారా?

బుడమేరు గట్టు
అది నిజమే. మనల్ని బాధపెట్టినవాళ్ళని అడగాలని నేననను. నా మాట ఆ వాళ్ళమ్మ లాంటివాళ్ళ గురించి. ఏ తప్పూ చేయకుండా మన కథలో ఇరుక్కున్నవాళ్ళ గురించి.

కొట్టు అబ్బాయి
ఆ రాత్రి చెప్పింది నేనే. మీరు రాసినవన్నీ చదివాను.

అమ్మ వస్తుందని నాకు తెలియదు. పక్కింటి పిన్నిగారు తీసుకొచ్చారట. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నాన్నకి కాఫీ ఇస్తూ "ఇంకా ఎంత కట్టాలి?" అని మాత్రం అడిగింది. నాన్న చెప్పారు. అమ్మ లోపలికెళ్ళిపోయింది.

నాన్న నన్ను తిట్టలేదు. "ఎంతమంది ఉన్నారక్కడ?" అన్నారు. చెప్పాను. "మనకి బాకీ ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చారా?" అన్నారు. ఇద్దరున్నారు. పేర్లు నేను చెప్పలేదు, కానీ వాళ్ళకి తెలిసిపోయే ఉంటుంది. అందులో ఒకాయన ఆదివారం నుంచి మా కొట్టుకి రావట్లేదు. పాల ప్యాకెట్ కోసం సందు చివరిదాకా వెళ్తున్నాడు. నాన్న బాధంతా దాని గురించే. అంతమందిలో నేను అమ్మని మాత్రమే చూశాను, ఆయన సంగతి నాకు తట్టనే లేదు.

వీడియో వాట్సాప్ గ్రూపులోంచి తీసేయమని నిర్వాహకులకి ఫోన్ చేశాను, తీసేశారు. ఇవాళ సాయంత్రం ఆయనింటికి వెళ్తున్నాను. ఏం మాట్లాడాలో ఇంకా తెలియట్లేదు. మాస్టారూ, మీకేమైనా తోస్తే ఆరు లోపు ఇక్కడే రాయండి.