బార్బడోస్‌లో ఒంటరిగా తిరగడానికి కారు కావాలా, జెడ్‌ఆర్ వ్యాను చాలా?

గోదారిగట్టు:

ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవికి వెళ్తున్నాను, ఒక్కడినే. ఉండేది న్యూజెర్సీలో. వెళ్లొచ్చినవాళ్లను అడిగితే సగంమంది "కారు లేకపోతే ఏమీ చూడలేవు" అంటున్నారు, సగంమంది "అంత చిన్న దీవికి కారెందుకు, డబ్బు దండగ" అంటున్నారు. దీవి పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. దాదాపు రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్లినంత దూరంలో దేశం అయిపోతుంది.

నాకైతే బస్సులూ, జెడ్‌ఆర్ అనే అక్కడి షేర్ వ్యాన్లూ చాలనిపిస్తోంది. నేను ఒంటరిగా వెళ్తున్నదే అక్కడి మనుషులను చూడ్డానికి. కారెక్కితే నేనూ, ఫోనులో మ్యాపూ తప్ప ఎవరుంటారు? 2024 జూన్ 29న మనవాళ్లు దక్షిణాఫ్రికా మీద 7 పరుగులతో గెలిచి టీ20 ప్రపంచకప్ ఎత్తింది రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లోనే. ఆ గ్రౌండు దగ్గర కాసేపు నిలబడాలి. తూర్పు తీరాన బాత్‌షీబా, ఉత్తరం కొసన యానిమల్ ఫ్లవర్ కేవ్ అనే సముద్రపు గుహ కూడా చూడాలి. నా లెక్క తప్పంటారా?

చెరకుతోట:

తప్పే అంటానండి. నేను ఆరు రోజులూ కారులోనే తిరిగాను, మళ్లీ వెళ్లినా అదే చేస్తాను. మీరు చెప్పిన చోట్లకు బస్సుంది, నిజమే. కానీ ఆ దీవిలో నా మనసు పట్టేసినవి బస్సు ఆగే చోట లేవు. చెర్రీ ట్రీ హిల్ చూడండి. రోడ్డుకు రెండువైపులా మహాగని చెట్లు, వాటి నీడలోంచి బయటపడగానే కింద స్కాట్లాండ్ డిస్ట్రిక్ట్ అని అక్కడివాళ్లు పిలిచే కొండలు, ఆ వెనక అట్లాంటిక్ ఒక్కసారిగా కనిపిస్తాయి. పక్కనే సెయింట్ నికొలస్ ఆబీ, పదిహేడో శతాబ్దపు చెరకు ఎస్టేటు బంగళా. అక్కడ నేను గంటన్నర కదల్లేదు. ఆ బంగళా సొగసు వెనక ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చెమట ఉంది. అది తలుచుకుంటూ నిలబడ్డప్పుడు బస్సు టైమైపోతోందన్న టెన్షన్ ఉండకూడదు.

నడపడం ఎడమవైపే, మనదేశంలో లాగా. లైసెన్సు చూపిస్తే విజిటర్ పర్మిట్ కారు అద్దెకిచ్చేవాళ్లే ఇప్పించారు. అద్దె కార్ల నంబరు ప్లేటు "హెచ్"తో మొదలవుతుంది. అది చూడగానే కొత్తవాళ్లమని తెలిసి స్థానికులు దారిస్తారు. ఎదుటివాడు లైటు కొట్టాడంటే మనల్ని ముందు పొమ్మని. వెళ్తూ మనం చిన్నగా హారన్ కొడితే థ్యాంక్స్ చెప్పినట్టు.

ఓరుగల్లు పిల్ల:

చెరకుతోట గారూ, చెర్రీ ట్రీ హిల్ సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. నేను ఆడపిల్లను, ఒంటరిగా పది రోజులు బస్సుల్లోనే తిరిగాను.

గోదారిగట్టు గారూ, అక్కడ మూడు రకాల బండ్లుంటాయి. నీలం రంగు మీద పసుపు చార ఉంటే ప్రభుత్వ బస్సు. పసుపు మీద నీలం చార ఉంటే ప్రైవేటు మినీబస్సు. తెల్ల వ్యాను మీద మెరూన్ చార ఉంటే జెడ్‌ఆర్. నంబరు ప్లేటు మీద ఆ అక్షరాలుంటాయి కాబట్టి ఆ పేరు. నేను వెళ్లినప్పుడు ఎందులో ఎక్కినా, ఎంత దూరమైనా 3.50 బార్బడోస్ డాలర్లు. అక్కడి 2 డాలర్లు అమెరికా 1 డాలరుతో సమానం కాబట్టి మీకు పడేది 1.75. ప్రభుత్వ బస్సులో చిల్లర వెనక్కివ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వేయాలి. జెడ్‌ఆర్‌లో ఇస్తారు. స్టాపు బోర్డు మీద "టు సిటీ" అని ఉంటే బ్రిడ్జ్‌టౌన్ వైపు, "అవుట్ ఆఫ్ సిటీ" అని ఉంటే అటునుంచి బయటికి. ఇంతే చదువు.

జెడ్‌ఆర్ అంటే మన షేర్ ఆటో అనుకోండి. ఇక నిండింది అనుకున్నాక ఇంకో ముగ్గురు ఎక్కుతారు. మొదటి రోజు పదకొండో నంబరు బండి ఎక్కాను, దక్షిణ తీరం వెంట సిల్వర్ శాండ్స్ దాకా వెళ్లేది. పాట ఎంత గట్టిగా ఉందంటే సీటు కింద రేకు అదురుతోంది. వెనక సీట్లో ఇరుక్కున్నాను, నా ఒళ్లో నా బ్యాగు, దాని మీద పక్కావిడ కూరగాయల సంచి. నా చిల్లర చేతులు మారుతూ ముందుకు వెళ్లింది, మిగిలింది అలాగే వెనక్కి వచ్చింది, పైసా తగ్గకుండా. దిగాల్సిన చోటు నాకు తెలియదని ఆవిడకు చెప్పాను. ఆవిడ కండక్టరుకు కేకేసి చెప్పింది, అతను డ్రైవరుకు చెప్పాడు. స్టాపు వచ్చేసరికి బండిలో సగంమంది నన్ను దిగమని చెప్పేవాళ్లే! పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నానన్న బెంగ ఆ రోజుతో పోయింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎక్కగానే గుడ్ మార్నింగ్ చెప్పాలి, ఒక్కరికి కాదు, బండి మొత్తానికి. చెప్పకపోతే మర్యాద తెలియని మనిషి అనుకుంటారు.

చెరకుతోట:

చదువుతుంటే నాకూ ఎక్కాలనిపించిందండీ, నిజం. కానీ సాయంత్రం సంగతి చెప్పండి. ఫిబ్రవరిలో ఆరింటికల్లా పొద్దు వాలుతుంది, ఆ తర్వాత చూస్తుండగానే చీకటి పడుతుంది. బాత్‌షీబాలో బస్సు కోసం మీరెంతసేపు నిలబడ్డారు?

ఓరుగల్లు పిల్ల:

గంటా ఇరవై నిమిషాలు. దాచను. ఆదివారం వెళ్లడం నా తప్పు, ఆ రోజు బస్సులు తక్కువ. నాతో పాటు ఓ పెద్దాయన ఉన్నారు కాబట్టి ధైర్యంగా ఉన్నాను. లేకపోతే ఏడుపొచ్చేది. బస్సులను నమ్ముకునేవాళ్లు తూర్పు తీరానికి వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లి మూడింటికల్లా తిరుగుముఖం పట్టాలి. ఇంకోటి, అక్కడ సముద్రంలో ఈతకు దిగకండి. ఆ రాళ్ల మధ్య అలలు అందంగా ఉంటాయి, కానీ నీటి లాగుడు మనిషిని తీసుకుపోతుంది. ఒడ్డున రాళ్ల గుంటల్లో నిలిచిన నీళ్లలో కూర్చోవచ్చు, ఊరివాళ్లూ అదే చేస్తారు.

యానిమల్ ఫ్లవర్ కేవ్‌కు నేను స్పైట్స్‌టౌన్‌లో బస్సు మారి వెళ్లాను. అటు ఇబ్బంది పడలేదు.

నెల్లూరు నడక:

ఎడమవైపు నడపడం మనకు అలవాటే అన్నారు చెరకుతోట గారు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు అది నిజం. గోదారిగట్టు గారు ఉండేది న్యూజెర్సీలో. నేనూ అమెరికాలో పదకొండేళ్లు కుడివైపు నడిపి అక్కడ కారు తీసుకున్నాను. చిన్నప్పటి అలవాటు కదా, అదే వస్తుందనుకున్నాను. రాలేదు. మలుపు తిరగబోయి ఇండికేటర్ అనుకుని కదిపితే ఎండలో వైపర్లు ఆడాయి, ఎందుకంటే ఆ కారులో అవి అటూ ఇటూ మారి ఉన్నాయి. అది నవ్వుకునేదే. రెండో రోజు పెట్రోలు పోయించుకుని ఖాళీ రోడ్డెక్కాను, కుడివైపుకు. ఎదురుగా చెరకు లోడుతో ట్రాక్టరు వచ్చేదాకా తెలియలేదు. తప్పించుకోబోయి అంచు దిగాను, టైరు చీలింది. అద్దెకిచ్చినవాళ్లు ఇన్సూరెన్సులో టైర్లు రావని కొత్త టైరు ధర కార్డులోంచి కోసుకున్నారు. నేను సంతకం పెట్టిన కాగితంలో అది రాసే ఉంది, నేనే చదవలేదు. డబ్బు పోతే పోయింది, ఆ ట్రాక్టరు డ్రైవరు ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

పక్కన "ఎడమ, ఎడమ" అని చెప్పే మనిషి ఉంటే వేరు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు అసలు కష్టం అదే. దారి చూడాలి, మ్యాపు చూడాలి, చెరకు చేల మధ్య మలుపులో ఎవరొస్తున్నారో చూడాలి, అన్నీ ఒక్కరే. చేలు ఎదిగి ఉంటే మలుపు అవతల ఏమీ కనిపించదు. హైవే అని పేరున్నవి కూడా చాలాచోట్ల రెండు కార్లు పట్టే రోడ్లే. చీకట్లో అసలు నడపకండి.

ఈ చర్చకు సంబంధం లేకపోయినా ఇంకో మాట. ఇండియన్ పాస్‌పోర్టుకు బార్బడోస్‌లో ముందస్తు వీసా అక్కర్లేదు. కానీ హెచ్1బీ మీద ఉంటే అమెరికా వీసా స్టాంపు గడువు చూసుకుని బయల్దేరండి.

చెరకుతోట:

నడక గారూ, నేను హైదరాబాద్ నుంచి వెళ్లాను. ఈ కోణం నాకు తట్టలేదు. గోదారిగట్టు గారూ, నా సలహా మార్చుకుంటున్నాను, మొత్తంగా కాదు. ఒక్క రోజైనా కారు తీసుకోండి, ఆదివారం. బస్సులు తక్కువ, రోడ్లు ఖాళీ.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఆరు రోజులు బస్సులు, ఆదివారం కారు. పొద్దున ఎనిమిదికి తీసుకుని ఉత్తరానికి వెళ్లి చెర్రీ ట్రీ హిల్, ఆబీ చూసుకుని నాలుగున్నరకల్లా తిరిగిచ్చేస్తాను. స్టీరింగ్ మీద "ఎడమ" అని కాగితం అంటిస్తాను. ఎనిమిదో రోజు సముద్రం ఒడ్డునే. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్ ఊళ్లో చేపలు వండి పెట్టే సందడికి జెడ్‌ఆర్‌లోనే వెళ్తాను. మొక్కజొన్న పిండీ బెండకాయా కలిపి చేసే కూకూ అట, మన సంకటి లాంటిది. అది దొరికితే ఫోటో పెడతాను.

ఓరుగల్లు పిల్ల గారూ, రాత్రి తిరిగొచ్చే జెడ్‌ఆర్ ఎన్నింటిదాకా దొరుకుతుంది?

ఓరుగల్లు పిల్ల:

నేను పదిన్నరకు ఎక్కాను, నిలబడి వచ్చాను. రోడ్డు మీదికి రండి, హారన్ కొడుతూ వాళ్లే పిలుస్తారు. చిల్లర జేబులో ఉంచుకోండి, గుడ్ నైట్ చెప్పి ఎక్కండి. రాత్రిపూట అక్కడ పలకరింపు కూడా అదే.