కొండవీడు కొండ మీది రాతి మసీదు ఏ కాలానిది?

మాది గుంటూరు. కొండవీడు కోటలో, కొండ మీద, పక్కనే సమాధి ఉన్న పాత మసీదు చరిత్ర తెలిసినవాళ్లు కాస్త చెప్తారా? కోట రెడ్డి రాజులది. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. 1579లో గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి వెళ్లి, పేరు కూడా ముర్తజానగర్ అయింది. మసీదు అప్పుడు కట్టిందేనా?

పెచ్చులూడిన చోట సున్నం కింద రాయి కనిపిస్తోంది. కమాను పైన మొన తేలి ఉంది. గోల్కొండలోనూ ఇలాంటి కమానులే కాబట్టి నా అనుమానం అటే. కానీ కమాను ఒక్కటీ చూసి కాలం చెప్పేయొచ్చా? రాళ్ల అతుకులు, స్తంభాలు చూసి పోల్చడం ఎలా? శాసనం ఉంటే ఎక్కడ వెతకాలి, గుమ్మం పైనా, మిహ్రాబ్ (మక్కా వైపు గోడలో ఉండే గూడు) దగ్గరా? నిధులూ సొరంగాల కథలు మాత్రం వద్దండీ, అవి బోలెడు విన్నాను.