‘సైనిక సాయం’లో సాయం ఎంత?

ప్రశ్న:
వార్తలు అనువదించే పనిలో రోజూ తగిలే మాట ‘సాయం’. యుద్ధంలో నలిగిపోతున్న దేశానికి గోధుమలు పంపినా సాయమే, క్షిపణులు పంపినా సాయమే. ఇంగ్లీషువాళ్లు రెండింటినీ ఎయిడ్ అన్నారని మనమూ అలాగే సరిపెట్టేశాం. మీరేం రాస్తున్నారు?

జవాబు:
సంస్కృతంలో సహాయుడంటే వెంట నడిచేవాడు. తెలుగులోకి వచ్చాక మాట ఇంకా చక్కబడింది. బరువు ఎత్తేటప్పుడు ‘కాస్త సాయం పట్టండి’ అంటాం. ఎత్తుకునేది మనమే, వాళ్లు ఓ చెయ్యి వేస్తారు. బరువు తలకెక్కాక ఆ చెయ్యి తీసేసినా నడిచిపోతాం. అలా చూస్తే అఫ్గానిస్థాన్‌కు అందినదాన్ని సాయం అనడానికి నాకు నోరు రాదు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ ఖర్చులో దాదాపు 75 శాతం విదేశీ గ్రాంట్లే. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకోగానే అవి ఆగిపోయాయి. టీచర్లకు, నర్సులకు జీతాల్లేవు. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ దాదాపు అయిదో వంతు కుంగింది. దీనికి ‘ఊత’ సరైన మాట. తీస్తే పడిపోతుందన్న సంగతి ఆ మాటలోనే వినిపిస్తుంది.

‘పునర్నిర్మాణం’ కూడా చూడండి. 2002 నుంచి 2021 దాకా అమెరికా ఆ పేరుతో అక్కడికి కేటాయించింది సుమారు 14,500 కోట్ల డాలర్లు. సగానికి పైగా సైన్యానికి, పోలీసులకే. ఆ పేరు చదివినవాళ్లు బళ్లు, ఆస్పత్రులు అనుకోరూ?

సైనిక సాయాన్ని నేను ‘ఆయుధ సరఫరా’ అనే రాస్తాను. అమెరికా సైనిక గ్రాంట్లతో ఎక్కువగా అమెరికా ఆయుధాలే కొనాలి, అంటే డబ్బు వచ్చిన దారినే పోతుంది. టీచరు జీతమైతే అక్కడి అంగట్లోనే చేతులు మారి ఇంకో నలుగురికి పని పుట్టిస్తుంది. ఎక్కువగా సంపన్న దేశాలే ఉన్న కూటమి ఓఈసీడీ కూడా అభివృద్ధి సాయం లెక్కలో ఆయుధాలను కలపదు.

అడిగినవారు:
ఊత చాలా బాగుందండీ, రేపటి నుంచే వాడతాను. ‘ఆయుధ సరఫరా’తో మాత్రం ఒప్పుకోలేను. సైనిక సాయంలో శిక్షణ, సైనికుల జీతాలు కూడా ఉంటాయి. పైగా మందుపాతరలు ఏరడాన్ని అదే ఓఈసీడీ అభివృద్ధి సాయంగా లెక్కేస్తుంది. పొలంలో అడుగు పెట్టలేనివాడికి విత్తనాలిచ్చి ఏం లాభం? ఆ పాతరలు ఏరిపెట్టడం మీరన్న సాయం పట్టడమే. కాబట్టి ఒకే మాట కింద అన్నీ కుక్కకుండా, ఏం పంపారో అదే రాద్దాం. శీర్షికలో చోటు చాలదంటారు గానీ, ‘సైనిక సాయం’ కన్నా ‘తుపాకులు’ చిన్న మాటే.