గది అద్దె లిమిట్ దాటితే ఆపరేషన్ బిల్లుకూ కోత పెట్టడం సబబేనా?

గోదారిగట్టు

ఆరోగ్య బీమా పాలసీ 5 లక్షలది. గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 5,000 వరకు ఇస్తారు. పేషెంటు 8,000 గదిలో మూడు రోజులున్నారు. ఎవరైనా ఏమనుకుంటారు? రోజుకు 3,000 చొప్పున 9,000 మనం కట్టుకుంటే సరిపోతుందని. డిశ్చార్జి రోజు చేతికొచ్చే లెక్క అలా ఉండదు.

ల్యాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీసిన బిల్లు ఒకటి నమూనాగా వేసుకుందాం. గది 24,000. సర్జన్ 40,000, మత్తు డాక్టరు 12,000, థియేటర్ 22,000, డ్యూటీ డాక్టరు విజిట్లు 6,000. ఈ నాలుగూ కలిపి 80,000. మందులు, డిస్పోజబుల్స్ 26,000. స్కానింగు, రక్తపరీక్షలు 14,000. అంతా కలిపి 1,44,000.

5,000ని 8,000తో భాగిస్తే 62.5 శాతం. గదికి 15,000 ఇచ్చి ఊరుకోరు. ఆ 80,000కి కూడా 62.5 శాతమే లెక్కగట్టి 50,000 ఇస్తారు. 9,000 అనుకున్నది 39,000 అయింది. గది పెద్దదైతే గది డబ్బు కోసుకోవాలి గానీ, సర్జన్ ఫీజుకు కోతేమిటి? నా మటుకు ఇది అన్యాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

క్లెయిమ్స్ బల్ల

సబబే అంటానండి.

కార్పొరేట్ ఆస్పత్రి రేట్ కార్డు ఎప్పుడైనా చూశారా? జనరల్ వార్డు, షేరింగ్, సింగిల్, డీలక్స్ అని నిలువు గడులుంటాయి. అదే సర్జన్, అదే థియేటర్, అదే ఆపరేషన్. అయినా గడి మారితే ఫీజు మారుతుంది. కంపెనీ షేరింగ్ గడిని చూసుకుని ప్రీమియం లెక్కగట్టింది. పేషెంటు సింగిల్‌లో చేరగానే గదితో పాటు అన్ని రేట్లూ పక్క గడిలోకి జరిగాయి. గది తేడా ఒక్కటే కోసి మిగతాది మొత్తం ఇచ్చేస్తే, ఆ భారం వచ్చే ఏడాది ప్రీమియంలో అందరి మీదా పడుతుంది. లిమిట్‌కి కట్టుబడి షేరింగ్‌లో చేరినవాళ్ల మీద కూడా.

ఇంకో సంగతి. ఈ కోతకు హద్దులున్నాయి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం మందులు, డిస్పోజబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ నిష్పత్తి వేయకూడదు. ఐసీయూ చార్జీలకు వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆస్పత్రి అయితే అసలు వేయనే కూడదు. మీ నమూనాలో 26,000, 14,000 ముట్టుకోకుండా వదిలేయాలి. సరైన చెల్లింపు 1,05,000. ఎవరైనా మొత్తం 1,44,000ని 62.5తో గుణించి 90,000 చేతిలో పెడితే అది తప్పు లెక్క, 15,000 తక్కువ ఇచ్చినట్టు. ఆ తప్పు మీద పోట్లాడండి, నేనూ మీ పక్కనే ఉంటాను. పద్ధతి మాత్రం తప్పు కాదు.

బిల్లింగ్ కౌంటర్

రేట్ కార్డు మాట మీరే ఎత్తారు కాబట్టి ఆ కార్డే ముందు పెట్టుకుందాం.

గది అద్దె ఎందుకు పెరుగుతుంది? విడి బాత్‌రూమ్, అటెండెంటు పడుకునే సోఫా, ఫ్రిజ్, ఒక్కరికే అంత చోటు. షేరింగ్‌లో 5,000 ఉన్నది సింగిల్‌లో 8,000 కావడంలో వింత లేదు. అది 60 శాతం పెరుగుదల. సర్జన్, మత్తు, థియేటర్ ఫీజులు కూడా 60 శాతం పెరగాలని ఎక్కడుంది? పై నమూనాలో సింగిల్ గడిలో 80,000 అయినవి షేరింగ్ గడిలో 70,000 ఉన్నాయనుకోండి. పేషెంటు గది మార్చడం వల్ల కంపెనీ మీద నిజంగా పడిన అదనపు భారం 10,000. కోసింది 30,000. మిగిలిన 20,000 ఏ సౌకర్యానికి కోసినట్టు? దానికి బదులుగా పేషెంటు పొందింది ఏదీ లేదు.

నేను కోత వద్దనడం లేదు. నిష్పత్తి అనేది ఊహ, రేట్ కార్డు నిజం. నెట్‌వర్క్ ఆస్పత్రి రేట్ కార్డు కంపెనీ దగ్గరా, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) దగ్గరా ఒప్పందంతో పాటే ఉంటుంది. అర్హత ఉన్న గడిలోని అంకె చూసి అంతవరకు ఇస్తే సరిపోయేదానికి భాగహారం ఎందుకండీ?

మాగాణి

ఒక్క మాట కలుపుతాను. 4,800 గది చూసుకుని లిమిట్‌లోనే ఉన్నామని ధీమాగా ఉంటారు చాలామంది. పాలసీ కాగితంలో ‘రూమ్, బోర్డింగ్, నర్సింగ్ కలిపి’ అని ఉందో లేదో చూడరు. బిల్లులో నర్సింగ్ రోజుకు 900 విడిగా పడితే అది 5,700 అయినట్టే, కోత మొదలైనట్టే. 2020 ఏప్రిల్ 1న వచ్చిన ఆరోగ్య సంజీవని ప్రామాణిక పాలసీలోనూ రాత ఇదే: గది, భోజనం, నర్సింగ్ అన్నీ కలిపి బీమా మొత్తంలో 2 శాతం, 5,000 మించకుండా. చేరేటప్పుడు ‘గది ఎంత’ అని అడిగితే చాలదు, ‘నర్సింగ్‌తో కలిపి రోజుకు ఎంత’ అని అడగాలి.

క్లెయిమ్స్ బల్ల

బిల్లింగ్ కౌంటర్ గారూ, నెట్‌వర్క్ క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేది) వరకు మీ మాట కాదనలేను. కార్డు చేతిలో ఉండగా ఊహ అక్కర్లేదు. కానీ నెట్‌వర్క్ బయట చేరి, తర్వాత బిల్లులు పంపితే? ఆ ఆస్పత్రి షేరింగ్ గడి రేటు కంపెనీకి ఎక్కడ దొరుకుతుంది? అడిగితే కాగితం ఇచ్చే ఆస్పత్రులు తక్కువ. అక్కడ నిష్పత్తి తప్ప వేరే కొలమానం లేదు. దాన్ని పూర్తిగా ఎత్తేయమంటే ఒప్పుకోను.

బిల్లింగ్ కౌంటర్

ఆ కాగితం తెచ్చే అవకాశం పేషెంటుకు ఇవ్వండి. తెస్తే కార్డు ప్రకారం, తేలేకపోతే నిష్పత్తి ప్రకారం. ఇప్పుడు తెచ్చినా చూసే గడి క్లెయిమ్ ఫారంలో లేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

రెన్యూవల్ తేదీ

మీ ఇద్దరి వాదనా బాగుంది, కొనేవాళ్లకు పనికొచ్చేది కూడా కొంచెం చెప్పుకుందాం.

లిమిట్ రాత మూడు రకాలుగా ఉంటుంది. శాతంలో రాస్తే ఆ శాతం దేని మీదో చూడాలి. క్లెయిమ్ లేని ఏళ్లకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ కలిసి 5 లక్షలు 7.5 లక్షలైనా చాలా పాలసీల్లో 1 శాతం అసలు 5 లక్షల మీదే. ‘సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్’ అని రాస్తే రూపాయలతో గొడవ లేదు, అద్దె పెరిగినా అర్హత అదే గదికి. కానీ డీలక్స్‌కు మారితే మళ్లీ ఇదే భాగహారం. మూడోది ఏ లిమిటూ లేనిది, దానికి ప్రీమియం ఎక్కువ. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి సున్నా అయింది కాబట్టి, ఆ మిగులును లిమిట్ తీయించుకోవడానికి వాడుకోవడం తెలివైన పని. కొన్ని కంపెనీలు లిమిట్ ఎత్తేసే రైడర్ (అదనపు కవర్) విడిగా అమ్ముతాయి. రెన్యూవల్‌లో అడగండి.

సూపర్ టాపప్ (అసలు పాలసీకి తోడుగా తీసుకునేది) ఉందిగా అని నిశ్చింతగా ఉండకండి. 5 లక్షల డిడక్టిబుల్ (అంతవరకు టాపప్ ఇవ్వదు) ఉన్న టాపప్‌ను 1,44,000 బిల్లు అసలు తాకనే తాకదు. కోత మొత్తం మీ జేబుదే.

అలాగని లిమిట్ ఉన్న పాలసీ అందరికీ చెడ్డదని కూడా అననండి. మీ ఊళ్లో నర్సింగ్‌తో కలిపి సింగిల్ గది 2,500కే దొరుకుతుంటే 5,000 లిమిట్ మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. పెద్ద ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే అప్పుడే తంటా. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లను కొత్త కంపెనీ పోర్టింగ్‌లో (పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడంలో) తీసుకోకపోవచ్చు. వాళ్లు పాత పాలసీ వదులుకోకుండా, షేరింగ్ గదిలో చేరడమే నికరం.

మాగాణి

షేరింగ్ ఖాళీ లేదని పై గదిలో వేస్తేనో?

బిల్లింగ్ కౌంటర్

‘అర్హత ఉన్న కేటగిరీ ఖాళీ లేదు’ అని తేదీ, టైముతో అడ్మిషన్ కౌంటర్ దగ్గర రాయించుకోండి, స్టాంపు వేయించుకోండి. ఖాళీ అవగానే మార్చమని ఒక కాగితం ఇచ్చి దాని నకలు దగ్గర పెట్టుకోండి. కోత తప్పకుండా ఆగుతుందని కాదు, తర్వాత ఫిర్యాదులో ఇదే ఆధారం. ఆస్పత్రి గదిని బట్టి రేట్లు మార్చనిదైతే ఆ మాటే లెటర్‌హెడ్ మీద రాయించండి. ఆ ఒక్క కాగితంతో గది తేడా తప్ప మిగతా కోతంతా పోవాలి.

డిశ్చార్జి రోజు బ్యాగులు సర్దుకుని కూర్చున్నవాళ్లు దేని మీదైనా సంతకం పెట్టేస్తారు. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఆస్పత్రి నుంచి డిశ్చార్జి విన్నపం అందాక మూడు గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి, ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. కాబట్టి తొందరపడకండి. అనుమతి పత్రంతో పాటు కోతల పట్టీ ఏ పద్దుకు ఎంత కోశారో విడివిడిగా అడిగి తీసుకోండి.

ఆ పట్టీలో ఇంకో రకం కోత కూడా కనిపిస్తుంది: అడ్మిషన్ కిట్, ఫైల్ ఓపెనింగ్, డాక్యుమెంటేషన్, డిశ్చార్జి ప్రొసీజర్ చార్జీలు. ఇవి గది అద్దెలోనే కలిసిపోవాలని ఐఆర్‌డీఏఐ జాబితాలో ఉంది. కంపెనీ విడిగా ఇవ్వదు, ఆస్పత్రి విడిగా వేయకూడదు. వీటి గురించి కంపెనీకి ఫోన్లు చేయడం దండగ. బిల్లింగ్ దగ్గరే తీయించాలి. గ్లౌజులు, డైపర్లు, నెబ్యులైజర్ కిట్ లాంటివి వేరే జాబితాలోవి, రైడర్ లేకపోతే మన ఖర్చే.

క్లెయిమ్స్ బల్ల

ఫిర్యాదు దారి నేను చెప్తాను. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్, లేదా ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో నమోదు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు చూస్తారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

‘కోత అన్యాయం’ అని రెండు పేజీలు రాయకండి. అంకెలు రాయండి. గోదారిగట్టు గారి బిల్లుకు 90,000 మాత్రమే ఇస్తే ఉత్తరంలో ఇలా ఉండాలి: ‘మందులు, డిస్పోజబుల్స్ 26,000, పరీక్షలు 14,000 మీద 62.5 శాతం నిష్పత్తి వేశారు. ఈ పద్దులు అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్ (నిష్పత్తి వేయదగ్గ ఖర్చులు) కిందికి రావు. కోసిన 15,000 చెల్లించగలరు.’

బిల్లింగ్ కౌంటర్

దాని కిందే ఇంకో పేరా చేర్చండి: ‘సర్జన్, మత్తు, థియేటర్, విజిట్లకు షేరింగ్ కేటగిరీ రేటు 70,000. రేట్ కార్డు జత చేశాను. మీరు ఇచ్చింది 50,000. తేడా 20,000 పునఃపరిశీలించగలరు.’ ఒప్పుకుంటారో లేదో వేరే మాట, అడిగినట్టు రికార్డులో ఉండాలి.