1971 సీ10లో స్టీరియో: డ్యాష్ రేకు కోయాలా, వద్దా?

రాగితీగ:
నా దగ్గర 1971 చెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు ఉంది. కంపెనీ బిగించిన ఏఎం రేడియో ఇంకా దాని చోటే ఉంది. తాళం తిప్పితే డయల్ దీపం వెలుగుతుంది కానీ గరగర తప్ప మాట తేలదు. ఉన్నది డ్యాష్ నడుమ ఒకటే స్పీకరు, అదీ అద్దం వైపు మొహం పెట్టుకుని ఉంది, అట్ట అంచులు చినిగిపోయాయి. ఫోన్‌లో పాటలు బ్లూటూత్‌తో వినాలి, ఇంజిన్ మోతలో కూడా గొంతు తెలియాలి, లోపల చూస్తే పాత బండిలాగే ఉండాలి. మామూలు సింగిల్ డిన్ (ఇప్పటి కారు స్టీరియోల ప్రామాణిక సైజు) సెట్టుకైతే డ్యాష్ రేకు కోయక తప్పదంటున్నారు. పాత రేడియోలాగా రెండు నాబులుండి లోపల కొత్త సరుకున్న సెట్లు కూడా దొరుకుతున్నాయి. సీటు వెనక ఒక యాంప్లిఫైయరు, చిన్న వూఫరు (బేస్ స్పీకరు) పెట్టాలని కూడా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

పాతరేకు:
కోయకండి. ఈ మోడల్లో డ్యాష్ అంటే నాలుగు స్క్రూలు విప్పితే చేతికొచ్చే ప్లాస్టిక్కు కాదు, క్యాబుతో కలిపి వెల్డింగ్ చేసిన ఉక్కు రేకు. ఒకసారి కోస్తే మళ్ళీ బిగించుకునేది ఏమీ ఉండదు.

నా బండి కొన్నప్పుడు రేడియో చోట ఒక నల్ల ప్లాస్టిక్ చట్రం ఉండేది. అది తీసి చూస్తే లోపల కోత అంచు రంపపు పళ్ళలా ఉంది. ఎవరో ఒకసారి క్యాసెట్ సెట్టు కోసం కోశారు, తర్వాత ఇంకెవరో ఇంకో సెట్టు కోసం ఇంకాస్త పెద్దది చేశారు. ఎడమ మూల నుంచి యాష్‌ట్రే దాకా సన్నగా పగులు. ఇంకో బండి డ్యాష్ నుంచి ముక్క కోసి తెచ్చి అతికించాల్సి వచ్చింది. వెల్డింగ్ వేడికి రేకు అల తిరిగింది. దాన్ని సమం చేయడానికి ముందు అద్దం కూడా ఊడదీశాం. ఇదంతా ఎవరో ఒక మధ్యాహ్నం పూట కూర్చుని చేసిన పనికి.

రోజూతోలేవాడు:
రేకు కోయడం వేరు, రేకును చీల్చడం వేరు. పాతరేకు గారి బండిని పాడు చేసింది చేతకానివాడు. డిన్ సెట్టుకు కావాల్సిన రంధ్రం 182 మిల్లీమీటర్ల వెడల్పు, 53 మిల్లీమీటర్ల ఎత్తు. టేపు అంటించి గీత గీసుకుని, గీతకు లోపలే ఆగి, మిగతాది ఆకురాయితో అరగదీస్తే అంచు నున్నగా వస్తుంది. నా బండికి అలాగే చేశాను. ఇప్పటిదాకా పగులు లేదు, తుప్పు లేదు, కోసిన అంచుకు ప్రైమర్ కొట్టాను.

రెండు నాబుల సెట్ల సంగతి కూడా చెప్తాను. అక్షరాలు సన్నగా ఉంటాయి, ఎండలో కనబడవు. బటన్లు గోరంత. తోలుతూ వాడేది కళ్ళు రోడ్డు మీద పెట్టి వాడగలిగేలా ఉండాలి.

చిన్నస్పానర్:
మూడో దారి కూడా ఉంది. పాత రేడియోను అలాగే వదిలేసి గ్లవ్ బాక్సులో బ్లూటూత్ ఉన్న చిన్న యాంపు పెట్టేయండి.

పాతరేకు:
"182 మిల్లీమీటర్లు" అని అంత తేలిగ్గా చెప్తున్నారు. పాత రేడియోను పట్టుకుని ఉండేవి రెండు నాబుల రంధ్రాలు. వాటిలోంచి కడ్డీలు బయటికొస్తాయి, వాటి మీద నట్లు బిగిస్తే రేడియో నిలబడుతుంది. డిన్ కోతలో పోయేవి ఆ రంధ్రాలే. మీరు ఆకురాయితో ఎంత నున్నగా అరగదీసినా సరే, ఆ తర్వాత పాత రేడియో ఎక్కడ నిలబడుతుంది?

రోజూతోలేవాడు:
పాత రేడియో మళ్ళీ ఎందుకు నిలబడాలి? ఆయన రేడియోలో గరగర తప్ప ఏమీ రావట్లేదని మొదటి పోస్టులోనే రాశారు.

పాతరేకు:
దాన్ని బాగు చేయించవచ్చు.

రోజూతోలేవాడు:
బాగు చేయిస్తే వచ్చేది ఏఎం మాత్రమే.

ఎర్తు:
గరగర గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి చెప్తున్నాను. రాగితీగ గారూ, ఇంజిన్ ఆపి, తాళం యాక్సెసరీ మీద ఉంచి రేడియో పెట్టి చూడండి. గరగర పోతే లోపం సెట్టుది కాదు, ఇగ్నిషన్‌ది. ప్లగ్గు తీగలు లోపల మామూలు లోహపు తీగవి అయితే నిప్పురవ్వ పడ్డప్పుడల్లా రేడియోలో టిక్కుమంటుంది. రెసిస్టర్ తీగలు వేయండి. కొత్త సెట్టు పెట్టినా ఈ పని తప్పదు. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని కూత వినబడితే అది ఆల్టర్నేటర్‌ది, లేదా ఎర్తు సరిగ్గా లేకపోవడం. సెట్టు ఎర్తును రంగు గీకేసిన శుభ్రమైన రేకుకు, నక్షత్రం వాషర్ వేసి బిగించండి.

ఇంకొకటి. ఆ కాలపు జీఎం (చెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్) రేడియోలకు 10 ఓముల స్పీకరు ఉండాలి. చినిగిన స్పీకరు తీసేసి మామూలు 4 ఓములది తగిలిస్తే పాత సెట్టులో చివరి ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోతుంది. స్పీకరు లేకుండా సెట్టు ఆన్ చేయడం కూడా మంచిది కాదు.

రాగితీగ:
ఇది నాకు తెలియదు, చాలా థాంక్స్ అన్నా. ఇంజిన్ ఆపితే గరగర సగానికి తగ్గింది.

గేరులివర్:
రబ్బరు మ్యాటు, ఉత్త రేకు క్యాబు. ముందు తలుపుల్లో, నేల మీద బ్యూటైల్ షీట్లు (రేకు అదురు, మోత తగ్గించే జిగురు రబ్బరు షీట్లు) అంటించండి. అది చేయకపోతే ఏ స్టీరియో అయినా ఒకటే.

రోజూతోలేవాడు:
షీట్లు అంటించినా ఆ రెండు నాబుల సెట్ల శక్తి చాలదు. డిన్ సెట్టు మీద 50 వాట్లు నాలుగు ఛానెళ్ళు అని రాసి ఉంటుంది.

ఎర్తు:
ఆ 50 అట్ట మీది అంకె. 14.4 వోల్టుల మీద 4 ఓముల స్పీకరుకు సెట్టు లోపలి బ్రిడ్జి యాంపు స్వచ్ఛంగా ఇవ్వగలిగేది లెక్క ప్రకారం 26 వాట్ల లోపే, చేతికొచ్చేది ఇంకా తక్కువ. నాబుల సెట్టు లోపలా అదే రకం ఐసీ (యాంపు చిప్పు). శక్తి విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. విడిగా యాంపు పెట్టేవాళ్ళకైతే ఈ వాదనే అక్కర్లేదు.

రోజూతోలేవాడు:
కాగితం మీద లెక్కలు వద్దండీ. నేను రెండూ విన్నాను.

పాతరేకు:
విన్నది స్పీకర్ల తేడా అయ్యుంటుంది.

రోజూతోలేవాడు:
నా చెవుల సంగతి మీకెలా తెలుసు? మీ బండి తలుపులు తీసి ఎవరికైనా చూపిస్తారేమో కానీ, వానలో, దుమ్ములో తోలుతారా? మీలాంటివాళ్ళు బండి మీద చెయ్యి వేసిన ప్రతివాడినీ దొంగలా చూస్తారు. రాగితీగ అడిగింది పాట వినడం గురించి. మీరు ఆయనకు ఇస్తున్నది కాపలా ఉద్యోగం.

పాతరేకు:
నువ్వు నా బండిని చూశావా? అది రోడ్డు మీదే ఉంటుంది. బరువు కూడా మోస్తుంది. ఒక్క సెట్టు కోసం రేకు కోసుకుని, దాన్ని పనితనం అని చెప్పుకోవడం నీకు బాగుంది. నీ తర్వాత ఆ బండి కొనేవాడి మాటేమిటి? వాడికి నువ్వు వదిలేసేది ఒక బొక్క.

రోజూతోలేవాడు:
నా తర్వాతివాడి కోసం నేను ఇవాళ పాట వినకుండా ఉండాలా? సరే, చెప్తాను వినండి. మా నాన్న దగ్గర ఇదే తరం ట్రక్కు ఉండేది. ఎప్పుడూ టార్పాలిన్ కిందే. నాబు తిప్పితే అరిగిపోతుందని రేడియో ముట్టుకోనిచ్చేవాడు కాదు. సీటు మీద వేసిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆయన పోయాక టార్పాలిన్ తీస్తే టైర్లు బీటలు వారాయి, ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారింది, కవరు కింద సీటును ఎలుకలు గుల్ల చేశాయి. అంత జాగ్రత్త ఎవరి కోసం? ఆయన పక్కన కూర్చుని ఆ రేడియోలో ఒక్క పాట కూడా వినలేదు నేను. డ్యాష్ కోసినప్పుడు నా చెయ్యి వణకలేదు, ఇప్పటికీ బాధ లేదు.

చిన్నస్పానర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. రాగితీగ గారి ప్రశ్న పక్కకు పోయింది.

సందేహం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మొదటి పోస్టులో సీటు వెనక యాంపు, వూఫరు అన్నారు. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, క్యాబు లోపలే కదా? 1973 మోడల్ నుంచే దాన్ని బయటకు, ఛాసిస్ పక్కకు మార్చారు. మీ బండిలో ఎవరైనా మార్పించారా?

రాగితీగ:
లేదండీ, లోపలే ఉంది. ఎండలో నిలిపితే కొద్దిగా వాసన కూడా వస్తుంది.

ఎర్తు:
సందేహం గారు పట్టించుకున్నారు, ఇంతసేపు రాసిన మేమెవరమూ పట్టించుకోలేదు. రాగితీగ గారూ, సీటు వెనక స్క్రూ అన్నదే తిప్పొద్దు. అది ట్యాంకు రేకులోకి దిగిందంటే అక్కడితో అయిపోయింది. పెట్రోలు ఆవిరి ఉండే చోట యాంపుకు వెళ్ళే లావు తీగ, దాని ఫ్యూజు, వదులయ్యే జాయింట్లు ఉండనే కూడదు. వాసన వస్తోందంటే ముందు ట్యాంకు మూతి దగ్గరి రబ్బరు గొట్టం, పెట్రోలు గేజీకి కొలత పంపే యూనిట్ వాషర్ చూడండి. స్టీరియో పని ఆ తర్వాతే.

వూఫరు విషయం కూడా ఆలోచించండి. ఆ కాలపు ట్రక్కుల్లో 37 ఆంపియర్ల ఆల్టర్నేటరే మామూలు. 400 వాట్ల నిజమైన శక్తి ఉన్న యాంపు పూర్తిగా గుంజితే అదొక్కటే అంత తీసుకుంటుంది. పాట ఎప్పుడూ పూర్తి శక్తితో మోగదు, నిజమే. కానీ రాత్రి హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది ఇంకా తక్కువ. చిన్న యాంపుతో సరిపెట్టుకోండి.

పాతరేకు:
రోజూతోలేవాడు గారూ, మీ నాన్నగారి సంగతి చదివాక కోపంతో జవాబు రాయబుద్ధి కాలేదు. కానీ బండిని టార్పాలిన్ కింద దాచమని నేను అనలేదు, అనను కూడా. నా బాధ వేరు. ఆ డ్యాష్ అతికిస్తున్నన్ని రోజులూ అనుకున్నాను, దీన్ని కోసినవాడికి ఇది తన తర్వాత కూడా బతికే వస్తువని తోచలేదని. ఈ బండి నాది అని మీరంటారు, ఇప్పటికి నా దగ్గరుంది అని నేనంటాను. మనిద్దరి తగాదా సెట్టు గురించి కాదు.

రోజూతోలేవాడు:
అవును, అక్కడే. అది నాదే. నాకు ముందున్నవాడు ఆయనదని తోలాడు, నా తర్వాతివాడు వాడిదని తోలతాడు. వాడికి రేకు కావాలంటే అతికించుకుంటాడు, మీరు అతికించుకోలేదా? ఈ మాట మీద మనం కలవం. కానీ ట్యాంకు సంగతి నాకూ తట్టలేదు, సందేహం గారికి నమస్కారం.

రాగితీగకు ఒక మాట. కోయబుద్ధి కాకపోతే కోయకండి. అలాంటప్పుడు నాబుల సెట్టు సొంత శక్తి మీద ఆధారపడొద్దు. ఆర్‌సీఏ అవుట్‌పుట్ (బయటి యాంపుకు సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) ఉన్నది తీసుకుని బయటి యాంపుకు కలపండి. నాబుల మధ్య దూరం సర్దుకునే రకం తీసుకోండి, కొన్నిటికి ఆ వీలు ఉండదు.

రాగితీగ:
అందరి మాటలూ చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. డ్యాష్ కోయను. నాబుల సెట్టు పెడతాను. పాత రేడియోను నట్లతో, నాబులతో సహా చుట్టి భద్రంగా ఉంచుతాను. తలుపులకు కూడా రంధ్రాలు పెట్టను. కాళ్ళ దగ్గర పక్క రేకుల మీద కూర్చునే స్పీకరు పెట్టెలు రెండు. యాంపు సీటు కింద, ముందు వైపు, చిన్నది. వూఫరు మానేశాను. వీటన్నిటికంటే ముందు ట్యాంకు గొట్టం.

ఇంకొక్క సందేహం. పాత స్పీకరుకు ఉన్న తీగలనే కొత్త వాటికి వాడుకోవచ్చా?

ఎర్తు:
వద్దు. కొన్ని పాత సెట్లలో స్పీకరు ఒక కొస బాడీకే కలిసి ఉంటుంది. కొత్త సెట్టులో స్పీకరు రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది, మైనస్ అని గుర్తున్న తీగ బాడీకి తగిలినా లోపలి ఐసీ పోతుంది. ప్రతి స్పీకరుకూ విడిగా రెండేసి కొత్త తీగలు లాగండి. కొత్త సెట్టు నుంచి వచ్చే పసుపు తీగ ఎప్పుడూ కరెంటున్న చోటికి, ఎర్ర తీగ తాళంతో వచ్చే కరెంటుకు, నీలం మీద తెల్ల చార ఉన్నది యాంపును ఆన్ చేయడానికి. యాంపు కరెంటు తీగను బ్యాటరీ నుంచి తెచ్చి, బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఫ్యూజు వేయండి. ఇంజిన్ వైపు నుంచి క్యాబులోకి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (తీగ రేకుకు ఒరుసుకోకుండా ఉంచే రింగు) మర్చిపోవద్దు. సెట్టుకు కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో ప్రతి స్పీకరు తీగకూ, బాడీకీ మధ్య చూడండి. ఎక్కడా కలవకూడదు.

గేరులివర్:
బ్యూటైల్ షీట్లు.

రాగితీగ:
రాసి పెట్టుకున్నాను అన్నా, అవీ తెస్తున్నాను.