రౌండ్‌క్యూబ్ వెబ్‌మెయిల్‌లో జేపీజీ నొక్కితే అటాచ్‌మెంట్ మీద అనుమానం అంటోంది, ఏం చేయాలి?

సర్వర్‌తో_కుస్తీ:
అన్నా ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పోయిన వారం ఆఫీస్ మెయిల్‌ని కొత్త ఆల్మాలినక్స్ సర్వర్‌కి మార్చా, కాన్ఫిగ్ ఫైల్ ఉన్నదున్నట్టు కాపీ కొట్టేశా. అప్పట్నుంచి స్కానర్ నుంచి వచ్చే జేపీజీలు నొక్కితే బొమ్మ బదులు వార్నింగ్, ఎక్స్‌పెక్టెడ్ ఇమేజ్ స్లాష్ జేపెగ్, ఫౌండ్ అప్లికేషన్ స్లాష్ ఆక్టెట్-స్ట్రీమ్ (అంటే ఏ రకమో తెలియని ఫైల్) అట. డౌన్‌లోడ్ చేస్తే శుభ్రంగా ఓపెన్ అవుతున్నాయి. ఒక పీడీఎఫ్‌కీ ఇదే గోల. మా అకౌంట్స్ మేడమ్ వైరస్ అనుకుని అటాచ్‌మెంట్లు ముట్టుకోవడమే మానేశారు. అసలు ఈ చెక్ మొత్తం తీసేయొచ్చా?

పాతకాపు:
తీసేయకు తమ్ముడూ. పంపినవాళ్ళ మెయిల్‌లో రాసున్న టైప్ ఒకటి, ఫైల్ మొదటి బైట్లు చూసి పీహెచ్‌పీలో ఫైల్ రకం కనిపెట్టే ఫైల్‌ఇన్ఫో చెప్పేది ఇంకోటి, రెండిటికీ పొంతన లేకపోతే ఆ వార్నింగ్. జేపీజీ అయితే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్‌తో మొదలవ్వాలి, అదే గుర్తుపట్టట్లేదంటే గుర్తుల పట్టీ తేడాగా ఉన్నట్టే. కాన్ఫిగ్‌లో మైమ్_మ్యాజిక్ లైన్ చూడు, పాత సర్వర్ మ్యాజిక్ ఫైల్ (అదే ఆ గుర్తుల పట్టీ) పాత్ ఉంటే దొంగ దొరికినట్టే. అక్కడ నల్ (ఖాళీ విలువ) పెట్టు, పీహెచ్‌పీ 5.3 నుంచి ఆ డేటాబేస్ లోపలే ఉంది.

రాత్రిడ్యూటీ:
రౌండ్‌క్యూబ్ ఇన్‌స్టాలర్ మూడో స్టెప్‌లో మైమ్‌టైప్ డిటెక్షన్ టెస్ట్ ఉంటుంది అదీ చూడండి, ఎక్స్‌టెన్షన్ల మ్యాపింగ్ దగ్గర ఎర్రగా వస్తే మెయిల్‌క్యాప్ ప్యాకేజ్ వేయండి, ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఏ టైపో చెప్పే మైమ్ డాట్ టైప్స్ ఫైల్ దాంతో వస్తుంది. కమాండ్ లైన్‌లో ఫైల్‌ఇన్ఫో కనపడింది కదా అని నమ్మొద్దు, వెబ్‌కి నడిచే పీహెచ్‌పీ (ఎఫ్‌పీఎమ్) వేరే వెర్షన్ అయ్యుండొచ్చు, నేనలాగే ఒక సాయంత్రం మొత్తం తగలేసుకున్నా. పనయ్యాక ఇన్‌స్టాలర్ ఆపేయడం మర్చిపోకండి.

సర్వర్‌తో_కుస్తీ:
పాతకాపు అన్నా కరెక్ట్, ఆ లైన్‌లో పాత పాత్ ఉంది, నల్ పెట్టగానే జేపీజీలన్నీ సెట్. కానీ ఆ పీడీఎఫ్ ఒక్కటి మాత్రం ఇంకా మొండికేస్తోంది, ఫౌండ్ టెక్స్ట్ స్లాష్ హెచ్‌టీఎంఎల్ అంటోంది.

పాతకాపు:
ఐతే అది నీ సర్వర్ తప్పు కాదేమో. డౌన్‌లోడ్ చెయ్, డబుల్ క్లిక్ చేయకుండా నోట్‌ప్యాడ్‌లో తెరువు. పర్సెంట్ గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అని మొదలవ్వాలి.

సర్వర్‌తో_కుస్తీ:
తెరిచా. పీడీఎఫ్ లేదు పాడూ లేదు, లోపలున్నది వెండర్ వాళ్ళ లాగిన్ పేజీ 😀 సెషన్ అయిపోయింది మళ్ళీ లాగిన్ అవ్వండి అని. వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఆ పేజీనే ఇన్‌వాయిస్ పేరుతో సేవ్ చేసి పంపేస్తోంది. ఈ బిల్లు తెరుచుకోదని మేడమ్ పాత సర్వర్ ఉన్నప్పట్నుంచే చెప్తున్నారు, మీ కంప్యూటర్‌లోనే ఏదో ఉందండీ అన్నది నేనే.