శివరాత్రి జాగారానికి తోలుబొమ్మలాట బృందాన్ని పిలుస్తున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గుత్తి_కుర్రాడు:
మాది గుత్తి దగ్గర చిన్న పల్లె. ఏటా శివరాత్రికి గుడి ముందు తెర కట్టి సినిమాలు వేస్తారు. పన్నెండు దాటేసరికి పూజారి, నలుగురు ముసలోళ్లు మిగులుతారు. ఈసారి బొమ్మలాట ఆడిద్దామని అన్నాను. "అయితే నువ్వే చూసుకో నాయనా" అని పెద్దలు నా మెడకే చుట్టారు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట బృందం వాళ్లతో ఫోన్లో మాట్లాడాను, వస్తామన్నారు. వాళ్లొచ్చాక ఏమేం చూడాలి, ఎక్కడ దించాలి, డబ్బుల లెక్క ఎలా? టెన్షన్‌గా ఉంది.

పెన్నా_గట్టు:
మంచి పని తమ్ముడూ. మా ఊళ్లో ఉగాదికి చాలాసార్లు ఆడించాం. నా మాట విను, ముందు వీధిలైట్ల సంగతి చూడు. అందరూ మైకు, షామియానా అంటూ తిరుగుతారు. ఆట మొదలయ్యాక చూస్తే పంచాయతీవాళ్లు వేసిన ఎల్ఈడీ దీపం సరిగ్గా తెర మీద పడుతూ ఉంటుంది. తెర వెనకాల బల్బు వెలుగులో బొమ్మ రంగులు కనిపించాలి, ఇవతల చీకటి ఉండాలి. అదే ఆట. పైనుంచి తెల్లటి వెలుగు పడితే రాముడూ రావణుడూ ఇద్దరూ వెలిసిపోయిన బట్టల్లా కనిపిస్తారు. రెండు రోజుల ముందే లైన్‌మన్‌ను పట్టుకుని, ఆ స్తంభం దీపం ఒక్కటి ఆపడానికి ఒప్పించు.

తర్వాత గాలి. గుట్ట వైపు నుంచి గాలి కొట్టే చోట తెర కట్టనీయొద్దు. బొమ్మలు చిన్నవి కావు, కొన్ని మనిషెత్తు ఉంటాయి. గుడి గోడో, బడి గోడో అడ్డం ఉన్న చోటు చూపించు. వాళ్ల కాళ్ల కింద చెక్క పలకలు వేసుకుని తొక్కుతారు, యుద్ధం వచ్చినప్పుడు ఆ చప్పుడే ప్రాణం. అందుకని నేల చదునుగా ఉండాలి.

బొమ్మల పెట్టెను బయట వదలొద్దు. మేకతోలు కదా, కుక్కలు, ఎలుకలు, తేమ మూడూ శత్రువులే. తాళం పడే గది ఇవ్వు.

గుత్తి_కుర్రాడు:
వీధిలైటు మాట నాకు తట్టనే లేదన్నా. మరి డబ్బులు?

పెన్నా_గట్టు:
ప్రయాణంతో కలిపి ఒక్క మాట మాట్లాడుకో. రానుపోను ఖర్చుకు సరిపడా అడ్వాన్స్ ముందే పంపు. మిగతాది తెల్లారి పెట్టె కట్టేలోపు చేతిలో పడాలి. "చందాలు ఇంకా రాలేదు, సోమవారం వేస్తాం" అనే ఊళ్లు ఉన్నాయి, వాళ్లకది అలవాటైపోయింది కూడా. ఇంకో సంగతి, మధ్యలో జనం చదివింపులు ఇస్తారు, ఫలానావారు నూటపదహార్లు అని బొమ్మే పేరు పిలిచి చెబుతుంది. ఆ డబ్బు కళాకారులది. ఒప్పుకున్న మొత్తంలోంచి దాన్ని తీసేద్దామని కమిటీలో ఎవడో ఒకడు అంటాడు, ఒప్పుకోవద్దు.

తెనాలి_హార్మోనియం:
మేము పద్యనాటకాల వాళ్లం. మా తలనొప్పులు వేరే. హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి, చంద్రమతి ఇంకో ఊరి నుంచి, డ్రెస్ కంపెనీ మరో ఊరి నుంచి రావాలి. మీకు కుటుంబమంతా ఒక్క బండిలో దిగుతుంది, అదృష్టవంతులు.

కానీ మైకు సంగతి ఎవరూ చెప్పలేదేం? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. జాగారమంటే తెల్లవార్లూ కదా! స్టేషన్లో ముందే అర్జీ పెట్టండి, ఏ టైము దాకా అనుమతి ఉందో కాగితం మీద తీసుకోండి.

పెన్నా_గట్టు:
పల్లెల్లో ఎవరూ అడగరండీ.

తెనాలి_హార్మోనియం:
ఒక్క ఫోన్ చాలండి. మా నాటకం సరిగ్గా కాటిసీనులో ఆగింది. కాటికాపరి పద్యం ఎత్తుకున్నాడు, జీపు వచ్చింది. జనం వన్స్‌మోర్ అరుస్తుంటే ఎస్సైగారు వైరు పీకించారు.

పెన్నా_గట్టు:
సరే, ఒప్పుకుంటున్నా. పన్నెండు తర్వాత మైకు ఆపి, జనాన్ని తెరకు దగ్గరగా కూర్చోబెట్టండి. మైకులు లేని రోజుల్లోనూ వాళ్ల తాతలు ఆడారు, వాళ్ల గొంతుకు ఆ బలం ఉంది.

ఓరుగల్లు_తొవ్వ:
అన్నా, అందరు లైట్లు, మైకులు అంటున్నరు. మనుషుల సంగతి ఎవరు చెప్పాలె? మేము చిందు యక్షగానం, అదే మా దిక్కు వేషాలు కట్టి పాటలతోటి ఆడే ఆట, ఆడించినం. జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినంక మా ఊరి యూత్‌కు ఉత్సాహం వచ్చింది, వేరే బృందాన్ని పిలిచినం. ఆట బ్రహ్మాండం. కానీ అన్నం దగ్గర కమిటీవాళ్లు వాళ్లకు విడిగా, గుడి వెనకాల ఇస్తరాకులు వేసిన్రు. రాత్రంతా కృష్ణుడి వేషంల దండం పెట్టించుకున్న మనిషి, పొద్దున్నే గోడ పక్కన కూసొని తిన్నడు. మరుసటేడు నుంచి మేమే కొందరం వాళ్లతోటి కలిసి ఒకే వరుసల తింటున్నం. ఇది ముందే మాట్లాడుకోండి, ఆ రోజు మొహమాటానికి ఎవరూ నోరు విప్పరు.

బడి గదుల్ల పడుకోబెడితే బాత్రూంకు నీళ్లు వస్తున్నయో లేదో చూడండి. ఆడవాళ్లుంటరు. బొమ్మలాటల గూడ సీత గొంతు ఆడవాళ్లదే. "కళాకారులు సర్దుకుపోతరులే" అన్న మాట నాకు పడది.

డల్లాస్_అత్తయ్య:
ఓరుగల్లు బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ మా తెలుగు సంఘం కూచిపూడి బృందాన్ని పిలిచినప్పుడు ఇళ్లల్లోనే దించుకుంటాం. కళాకారులు అమెరికా రావడానికి ఇచ్చే పీ-3 వీసా కాగితాలకు నెలల ముందే కదలాలి, ఆ కథ వేరు. అతిథులను మాత్రం ప్రేమతో చంపొద్దు నాయనా! పొద్దున ఒకరింట్లో టిఫిను, మధ్యాహ్నం ఇంకొకరింట్లో భోజనం, సాయంత్రం ఎవరో "మా పాపకు ఒక్క అడుగు చూపించండి" అంటారు. వాళ్లు రాత్రికి స్టేజీ ఎక్కాలి. నేను మా ఇంట్లో దిగినవాళ్లకు పెరుగన్నం పెట్టి, ఫోన్లు తీసి, తలుపు దగ్గరకు వేస్తాను. అంతే.

ఆటకు ముందు బరువుగా పెట్టకండి. రాత్రి మధ్యలో టీ, తెల్లారి వేడి వేడి ఉప్మా.

కంభం_టీచరు:
ఒక సందేహం. బొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క బొమ్మల మాటలు కొంచెం ముదురుగా ఉంటాయి. మా బడిలో ఆడించినప్పుడు తల్లిదండ్రులు గొడవ చేశారు.

పెన్నా_గట్టు:
పిల్లలుంటారని ముందే చెబితే చాలు టీచర్‌గారూ, వాళ్లే తగ్గించుకుంటారు. మొత్తం తీసేయమంటే మాత్రం జనం నిద్రపోతారు. పన్నెండు తర్వాత జాగారం చేయించేది ఆ ఇద్దరే.

గుత్తి_తమ్ముడూ, ఇంకోటి. మీ ఊరికొక్క ఆట కోసం అంతదూరం రావడం వాళ్లకు గిట్టదు. మర్నాడు పక్క ఊళ్లోనో, గుంతకల్లు బళ్లోనో సాయంత్రం గంట ఆట ఖాయం చెయ్యి. బండి ఖర్చు పంచుకోవచ్చు. ఇప్పుడు చాలామంది తోలుతో దీపాల షేడ్లు, బొమ్మలు చేసి అమ్ముతున్నారు, బడి దగ్గర ఒక బల్ల వేసి పెడితే నాలుగు అమ్ముడవుతాయి.

గుత్తి_కుర్రాడు:
అందరికీ దండాలు. లైన్‌మన్ మా మేనమామ స్నేహితుడే, మాట్లాడాను. స్టేషన్‌కు రేపు వెళ్తున్నా. భోజనం సంగతి కమిటీలో చెప్పాను, ఇద్దరు ముఖం తిప్పుకున్నారు, అమ్మ మాత్రం "మన వాకిట్లోనే వడ్డిద్దాం, అందరూ ఇక్కడికే రండి" అంది. కథ ఏది అడగమంటారు? మా సర్పంచ్ విరాటపర్వం అంటున్నాడు.

తెనాలి_హార్మోనియం:
విరాటపర్వం పెడితే వాన పడుతుందని మీ సీమలోనే కదండీ నమ్మకం! శివరాత్రికి మామిడి పూత మీద ఉంటుంది, రైతులు కొడతారు.

పెన్నా_గట్టు:
సుందరకాండ అడుగు. లంకాదహనం మూడింటికి పడేలా చూసుకో, అప్పుడే జనం తూగుతుంటారు. ఊరి పేరు చెప్పు, మేమొక ఆటోలో వస్తాం.